రాత్రి కలిపి పొద్దున్నే ఓవెన్‌లో పెట్టే టిఫిన్‌కి మూత ఉన్న గాజు ట్రే: కొనొచ్చా?

ముందే చెప్పేస్తాను, కొనొచ్చు. కానీ ఏ గాజో చూసి కొనండి. నేను రాస్తున్నది 9×13 అంగుళాల బేకింగ్ ట్రే గురించి. మూడు క్వార్ట్‌లది, అంటే మన లెక్కలో దాదాపు 2.8 లీటర్లు, పైన ప్లాస్టిక్ మూత, రెండు పక్కలా చిన్న పిడులు. అమెరికాలో ఏ వంటసామాన్ల షాపుకెళ్ళినా కనిపించేదే. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు, ఇదే కొలతలో ఇదే గాజుతో రెండు మూడు కంపెనీలు చేస్తున్నాయి, పైగా నాకు నచ్చనివి కూడా కొన్ని చెప్పబోతున్నాను. డబ్బా మీద బోరోసిలికేట్ (వేడికి తక్కువ సాగే గాజు) అని ఉందా లేదా, అది చూసుకుంటే చాలు.

మేముండేది డాలస్ దగ్గర. నవంబర్ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ వస్తే చాలామందికి వరసగా నాలుగు రోజులు సెలవు, హ్యూస్టన్ నుంచి, ఆస్టిన్ నుంచి అన్నయ్యలూ వదినలూ పిల్లలూ అందరూ మా ఇంట్లోనే దిగుతారు, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళుంటే వాళ్ళు కూడా. మధ్యాహ్నం భోజనం, రాత్రి భోజనం ఎలాగో గడిచిపోతాయి, బిర్యానీ ట్రే తెప్పించుకోవచ్చు, ఎవరో ఒకరు గ్రిల్ వెలిగిస్తారు. ప్రాణం తీసేది పొద్దున టిఫినే. ఇరవై మందికి ఇడ్లీ అంటే వాయి మీద వాయి, మొదటి వాయి తిన్నవాళ్ళు కాఫీ కూడా తాగేసి కబుర్లలో పడితే చివరి వాయి వాళ్ళు ఇంకా ప్లేటు పట్టుకుని స్టవ్ చుట్టూ తిరుగుతుంటారు. దోశల సంగతి చెప్పక్కర్లేదు, పెనం దగ్గర నిలబడ్డ మనిషి ఆఖర్న చల్లారిన చట్నీతో ఒక్కర్తే కూర్చుని తినాలి (తింటాడు అని రాద్దామనుకున్నా, మా ఇంట్లో ఇంకా ఆ రోజు రాలేదు). రెస్టారెంట్ నుంచి ఇడ్లీ, వడ హాఫ్ ట్రే తెప్పిద్దామంటే పొద్దున ఎనిమిదింటికి తలుపు తీసే చోటు మా వైపు లేదు, ముందురోజు రాత్రే తెచ్చి ఫ్రిజ్‌లో పెడితే పొద్దునకి ఆ వడని కొరకడానికి పళ్ళు కావాలి.

ఇక్కడివాళ్ళు ఈ తలనొప్పికి ఎప్పుడో దారి కనిపెట్టుకున్నారు, బ్రెక్‌ఫాస్ట్ క్యాసరోల్. బ్రెడ్డు ముక్కలు, గిలకొట్టిన గుడ్లు, పాలు, చీజ్, కూరగాయలో సాసేజో, అన్నీ రాత్రే ట్రేలో పేర్చి ఫ్రిజ్‌లో పెట్టేసి పొద్దున లేవగానే ఓవెన్‌లోకి తోసేయడమే. క్రిస్మస్ పొద్దున చాలా ఇళ్ళల్లో ఇదే టిఫిను. గంట తర్వాత అందరికీ ఒకేసారి, వేడిగా, మీరు స్నానం చేసి చీర కట్టుకుని కూర్చుని తినేలా.

ఇక ట్రే గొడవకి వస్తే, మామూలు కేక్‌కో పాస్తాకో ఏ ట్రే అయినా ఒకటే. ఈ టిఫిన్‌కి కాదు. రాత్రంతా ఫ్రిజ్‌లో 40 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపల ఉన్న గాజు పొద్దున 350 డిగ్రీల ఓవెన్‌లోకి వెళ్ళాలి, అదీ కళ్ళు నులుముకుంటూ, అరడజను మంది పిల్లలు ఆకలి ఆకలి అంటుండగా. మాకు తెలిసినవాళ్ళింట్లో పండగపూట ఓవెన్‌లోనే ట్రే ఫెళ్ళుమని పేలి గుడ్లూ గాజుపెంకులూ కలిసిపోయాయి, ఆ రోజు అందరూ సీరియల్ తిన్నారు.

అమెరికాలో 9×13 గాజు ట్రే అనగానే అందరూ అనేది పైరెక్స్. కార్నింగ్ కంపెనీ 1915లో బోరోసిలికేట్ గాజు వంటపాత్రలతో ఆ పేరు మొదలుపెట్టింది, 1998లో ఆ వంటసామాన్ల వ్యాపారాన్ని అమ్మేసింది. ఇప్పుడు అమెరికాలో ఆ పేరు మీద దొరికే ట్రేలు టెంపర్ చేసిన (వేడిచేసి చప్పున చల్లార్చి గట్టిపరచిన) సోడా లైమ్ గాజువి, అంటే సీసాలకీ కిటికీలకీ వాడే మామూలు గాజు. అది నాసిరకం అని ప్రచారం చేసేవాళ్ళున్నారు, నేను ఒప్పుకోను, చెయ్యి జారి గట్టుకి తగిలితే టెంపర్ చేసిన గాజే ఎక్కువ తట్టుకుంటుంది, ధర కూడా తక్కువ. తేడా వేడి దగ్గర. వేడెక్కితే సోడా లైమ్ గాజు సాగే దాంట్లో బోరోసిలికేట్ దాదాపు మూడోవంతే సాగుతుంది. ట్రే అంచులకి ఓవెన్ వేడి తగులుతోంది, మధ్యలో చల్లటి గుడ్లూ పాలూ ఉన్నాయి, ఒకే గాజు ఒకచోట సాగి ఒకచోట సాగకపోతే చీలుతుంది, అంతే సైన్సు. సాగడమే తక్కువైతే ఆ లాగులాట కూడా తక్కువ. ఇండియాలో బోరోసిల్ గ్లాసుల్లో పొగలు కక్కే టీ తాగినవాళ్ళకి ఇది కొత్త గాజేం కాదు, కాలేజీ ల్యాబుల్లో బర్నర్ మీద పెట్టిన బీకర్లు కూడా ఇదే.

సోడా లైమ్ ట్రే ఇప్పటికే ఇంట్లో ఉంటే పారేయక్కర్లేదు. ఓవెన్ పూర్తిగా వేడెక్కాకే అందులో పెట్టాలి, ఫ్రిజ్‌లోంచి తీసి గది వేడికి వచ్చాకే పెట్టాలి. చల్లటి ఓవెన్‌లోనే పెట్టి ఆన్ చేస్తే మెల్లగా వేడెక్కుతుంది కదా అని కొందరు సలహా ఇస్తారు, వినకండి, ఓవెన్ మొదట వేడెక్కేటప్పుడు కింది కాయిల్ ఎర్రగా కాలి నేరుగా గాజు అడుగుకి సెగ కొడుతుంది. కానీ గుడ్లూ పాలూ ఉన్న ట్రే పూర్తిగా గది వేడికి రావాలంటే చాలాసేపు పడుతుంది, అంతసేపు పచ్చిగుడ్డు బయట ఉంచడం మంచిది కాదు, పైగా దానికోసం తెల్లవారుజామున నాలుగింటికి ఎవరు లేస్తారు? బోరోసిలికేట్ ట్రే కొన్నది ఇందుకే. నేను కొన్నదాని డబ్బా మీద ఫ్రిజ్ నుంచి తిన్నగా ఓవెన్‌కి అని స్పష్టంగా రాసి ఉంది. అలా రాసి ఉన్నా ఓవెన్ వేడెక్కే ఇరవై నిమిషాలూ దాన్ని కౌంటర్ మీదే ఉంచుతాను, గాజు కోసమని కాదు, మరీ చల్లగా లోపలికి వెళ్తే అంచులు ఎండిపోయేదాకా మధ్యలో ఉడకదు.

ఇప్పటిదాకా పగుళ్ళు లేవు, గీతలు లేవు.

గాజే ఎందుకు, మెటల్ ట్రే చాలదా అని అడుగుతారు. మెటల్‌కి పగిలే భయం లేదు నిజమే, చల్లగా ఉన్నా నిశ్చింతగా లోపలికి తోసేయొచ్చు. కానీ పూత లేని అల్యూమినియం ట్రేలో టమాటా, పెరుగు లాంటి పుల్లటివి రాత్రంతా ఉంచితే లోహం రుచి వస్తుంది, ట్రేకి నల్ల మచ్చలు పడతాయి. మనం వేసే టమాటాలకీ నిమ్మకాయకీ అది కుదరదు. ఇంకో కారణం, పక్కనుంచి లోపల ఏం జరుగుతోందో గాజులో కనిపిస్తుంది. రాత్రి బ్రెడ్డు ముక్కల మీద గుడ్లూ పాలూ పోసినప్పుడు లేత పసుపు గీత ట్రేలో సగానికి పైన నిలబడి ఉంటుంది, పై ముక్కలు పొడిగా తేలుతుంటాయి. గిన్నెలు కడుక్కుని వచ్చి చూస్తే ఆ గీత వేలెడు దిగిపోయి ఉంటుంది. మూలల్లో ఇంకా తెల్లగా ఉన్న ముక్కలు, కిందికి జారి ఒకేచోట కుప్పపడ్డ ఉల్లిపాయలు బయటి నుంచే తెలుస్తాయి. అట్లకాడతో ఆ తెల్ల ముక్కల్ని పాలల్లోకి అదిమేసి మూత పెడితే పొద్దునకి ఎక్కడా పొడి ఉండదు. ఓవెన్‌లోంచి తీసేటప్పుడూ అంతే, పైన చీజ్ ఎర్రబడి మోసం చేస్తుంది గానీ గాజు పక్కన అడుగుభాగం ఇంకా పాలిపోయి, బుడగలు తడితడిగా కదులుతుంటే మరో పది నిమిషాలు కావాలని అర్థం. అనుమానముంటే మధ్యలో థర్మామీటర్ గుచ్చండి, గుడ్లు వేసిన క్యాసరోల్ 160 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 71 సెల్సియస్ దాకా రావాలని యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) చెబుతుంది.

పట్టడం విషయానికొస్తే, పది గుడ్లు, రెండున్నర కప్పుల పాలు, ఒక పౌండ్‌లోపు బ్రెడ్డు, రెండు కప్పుల చీజ్ తురుము, ఒకటిన్నర కప్పు వేయించిన కూరలు హాయిగా పడతాయి. అంతకంటే నింపితే మూత చీజ్‌కి అంటుకుంటుంది. మామూలు శాండ్‌విచ్ బ్రెడ్డు వేస్తే రాత్రికి రాత్రే పేస్టైపోతుంది, ఫ్రెంచ్ బ్రెడ్డు తెచ్చి ఒకరోజు ఎండనివ్వండి లేదా ముక్కలు కోసి ఓవెన్‌లో కాసేపు ఆరబెట్టండి. కూరలు వేయించకుండా పచ్చివి వేయకండి, పాలకూర, పుట్టగొడుగులు, టమాటా వదిలే నీళ్ళకి కింద చెరువు తయారవుతుంది. మా ఇంట్లో ఉల్లిపాయలు, క్యాప్సికం, పచ్చిమిర్చి, కరివేపాకు, ఆవాలతో పోపు వేసి అందులోనే తిప్పేస్తాం, పసుపు చిటికెడు, కొత్తిమీర బోలెడు. పోర్క్ తిననివాళ్ళుంటారు కాబట్టి చికెన్ సాసేజ్, అది కూడా ముందే వేయించి. మొదట అరగంట పైన ఫాయిల్ కప్పి, తర్వాత ఇరవై, పాతిక నిమిషాలు తీసేసి. బయటికి తీశాక పది నిమిషాలు ఆగి కొయ్యండి, లేకపోతే ముక్క విడిపోయి ప్లేట్లో పొరటు అవుతుంది.

మా అత్తయ్య ఆ ట్రే ఫ్రిజ్‌లో పెడుతుంటే చూసి, "ఏంటమ్మా, బ్రెడ్డుని రాత్రంతా పాలల్లో నానేశావు, పొద్దున ఎవరైనా తింటారా దీన్ని?" అన్నారు. పొద్దున ఆవకాయ నంజుకుని తిని, "ఇంకో నాలుగు పచ్చిమిరపకాయలు పడాల్సింది" అని తీర్పిచ్చారు. మా ఇంట్లో ఇంతకు మించిన మెప్పు ఉండదు.

రెసిపీల్లో 9×13 ట్రేకి 12 మంది అని రాస్తారు. మనవాళ్ళకి ఎనిమిది మంది, పక్కన పళ్ళూ ఇంకేదో ఉంటే పది. కాబట్టి ఇరవై మందికి రెండు ట్రేలు. దీనికంటే పెద్ద ట్రే ఒకటి కొందామనుకోకండి, మధ్యలో ఉడకదు, ఫ్రిజ్‌లో పట్టదు. 30 అంగుళాల మామూలు ఓవెన్‌లో పిడులు ముందుకూ వెనక్కూ ఉండేలా పెడితే రెండు ట్రేలూ ఒకే అరలో పక్కపక్కనే పడతాయి, మాకైతే పట్టాయి, మీ ఓవెన్ లోపల కొలుచుకోండి. రెండుంటే ఓ పది, పదిహేను నిమిషాలు ఎక్కువ తీసుకుంటుంది.

అయితే రెండూ బోరోసిలికేట్‌వే కొనక్కర్లేదు. ఎలాగంటారా, మన ఇళ్ళల్లో గుడ్డు తిననివాళ్ళు ఎప్పుడూ ఉంటారు, పైగా కొన్నేళ్ళు థాంక్స్‌గివింగ్ సరిగ్గా కార్తీక మాసంలో పడుతుంది, 2024లో అలాగే పడింది, అప్పుడు మామూలుగా తినేవాళ్ళు కూడా ముట్టరు. వాళ్ళ కోసం రెండో ట్రేలో గుజరాతీవాళ్ళ హాండ్వో పద్ధతి. వాళ్ళు బియ్యం, పప్పులు నానబెట్టి రుబ్బి పులియబెడతారు, నేను బొంబాయి రవ్వతో దొంగదారి తొక్కుతాను. రవ్వ, పెరుగు, సొరకాయ తురుము, క్యారెట్, బఠాణీ, అల్లం పచ్చిమిర్చి, అన్నీ రాత్రే గిన్నెలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున కాసిని నీళ్ళతో జారుగా చేసి, ఈనో వేసి కలపగానే నూనె రాసిన ట్రేలో పోసి, పైన ఆవాలు, నువ్వులు, కరివేపాకు పోపు. దీంట్లో చల్లబడేది గిన్నె, ట్రే రాత్రంతా బయటే ఉంటుంది, పిండి కూడా కాసేపు బయట ఉంచి పోస్తాం. అందుకని దీనికి మీ దగ్గరున్న పాత సోడా లైమ్ ట్రే నిక్షేపంగా సరిపోతుంది. ఒకటి కొత్తది, ఒకటి పాతది.

ఇప్పుడు నచ్చనివి. మొదటిది మూత. గాలి చొరకుండా గట్టిగా పడుతుంది, ఫ్రిజ్‌లో దాని మీద ఇంకో డబ్బా పెట్టుకోవచ్చు, కారులో తీసుకెళ్తే ఒలకదు, అంతవరకూ బానే ఉంది. కానీ ప్లాస్టిక్ కాబట్టి ఓవెన్‌లోకి పనికిరాదు, ఫాయిల్ మళ్ళీ విడిగా కావాల్సిందే. పసుపు తగిలిన చోటల్లా పచ్చబడింది, ఇంగువ పోపు వాసన ఎన్నిసార్లు కడిగినా కొంచెం మిగిలే ఉంది, అదే మూతతో తర్వాత కేక్ మూసిపెడితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. నాలుగు మూలల్లో ఒక మూల ఇప్పటికే కొద్దిగా లేస్తోంది.

రెండోది బరువు. ఖాళీ ట్రేనే బరువు, నిండాక కింది అరలోంచి వంగి తీయాలంటే నడుం నొప్పి ఉన్నవాళ్ళు వేరేవాళ్ళని పిలుచుకోవాలి. పిడులు ఇంకో అంగుళం ఉంటే ఎంత బాగుండేది, ఓవెన్ గ్లవ్స్ వేసుకుని పట్టుకుంటే బొటనవేలు భాగం లోపలి చీజ్‌లో మునుగుతోంది. మసిగుడ్డతో పట్టుకోవడం మనకి అలవాటే గానీ ఇక్కడ వద్దు, ముఖ్యంగా తడి గుడ్డతో. వేడి గాజుకి తడి తగలడం ప్రమాదం. బోరోసిలికేట్ అయినా సరే, కాలుతున్న ట్రేని తీసి సింకులో పెట్టి కుళాయి తిప్పడం, తడి గ్రానైట్ మీద పెట్టడం చేయకండి. మా ఇంట్లో ట్రే తియ్యకముందే కౌంటర్ మీద పొడి టవల్ పరిచి ఉంచుతాం, ఎందుకంటే సాయానికి వచ్చిన పిన్నో బాబాయో ఖాళీ ట్రే కనిపించగానే అలవాటుగా సింకు వైపు తీసుకెళ్ళిపోతారు, వాళ్ళని అనలేం కదా.

బ్రాయిలర్ (ఓవెన్‌లో పైనుంచి నేరుగా సెగ కొట్టేది) కింద కూడా పెట్టకూడదు. పైన చీజ్ కరకరలాడాలని ఉంటే ఆఖరి నిమిషాల్లో ఫాయిల్ తీసి ఉంచడం తప్ప వేరే దారి లేదు.

ఫ్రిజ్ కూడా కొలుచుకోండి. ట్రే 13 అంగుళాలే అన్నా పిడులతో కలిపితే 15 దాటుతుంది. ఫ్రీజర్ ఒక పక్క, ఫ్రిజ్ ఒక పక్క ఉండే రెండు తలుపుల మోడల్‌లో అడ్డంగా పట్టకపోవచ్చు, నిలువుగా పెట్టుకోవాలి. పండగ ముందురోజు రాత్రి ఫ్రిజ్ నిండా పాల క్యాన్లూ పెరుగు డబ్బాలూ ఉన్నప్పుడు ఈ అర ఖాళీ చేయించడమే అసలు టెన్షన్, వంట కాదు.

కడగడం మాత్రం సులువు. డిష్‌వాషర్‌లో పెట్టొచ్చు, అంచులకి మాడిన చీజ్ కాసేపు చల్లారాక గోరువెచ్చటి నీళ్ళలో నానితే ఊడొస్తుంది. వేడి కూడా బాగా నిలబెడుతుంది, ఆలస్యంగా లేచినవాళ్ళకి అరగంట తర్వాత కూడా వేడిగానే దొరికింది. అయితే వయసొచ్చిన పిల్లలు పదకొండింటికి లేస్తారు చూడండి, వాళ్ళ కోసం బయటే ఉంచకండి, వండినది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళిపోవాలి, వాళ్ళకి మైక్రోవేవ్ ఎలా తిప్పాలో తెలుసు.

గుళ్ళో కార్యక్రమానికో, పిల్లల స్కూల్ పాట్‌లక్‌కో (తలా ఒకటి వండి తెచ్చే విందు) తీసుకెళ్ళేవాళ్ళు మాత్రం ఇది కొనొద్దు. అక్కడ వదిలేస్తే తిరిగి రాదు, అడిగి తెచ్చుకోవడానికి మొహమాటం. దానికి వాడి పారేసే అల్యూమినియం ట్రేనే నయం, కింద గట్టి బేకింగ్ షీట్ పెట్టి మొయ్యండి, లేకపోతే నిండు పాలతో మధ్యలో వంగిపోతుంది. ఇంట్లో నలుగురే ఉండి ఏడాదికోసారి కూడా ఇలా వండనివాళ్ళకి కూడా అనవసరం, 8×8 చాలు. సిరామిక్ ట్రేలు చూడ్డానికి బాగుంటాయి, టేబుల్ మీద పెడితే ఫోటోలు బాగా వస్తాయి, కానీ చాలావాటికి మూత రాదు, పక్కనుంచి కనిపించదు.

ధర పాతిక డాలర్లకి అటూ ఇటూ ఉంటుంది, సోడా లైమ్‌ది మూతతో కలిపి అంతకంటే తక్కువకే వస్తుంది. కొనేముందు ఆ కంపెనీ మూత ఒక్కటే విడిగా అమ్ముతుందో లేదో చూడండి, నా లెక్క ప్రకారం ముందు పోయేది అదే. డబ్బా మీద బోరోసిలికేట్ అని లేకుండా ఊరికే ఓవెన్ సేఫ్ అని మాత్రమే ఉంటే దాన్ని అక్కడే వదిలేయండి.